లూషస్ టోలివర్ తాళం

సోమవారం పొద్దుటినుంచీ ముసురు. ముసురు పట్టిందంటే డ్రమ్ము మీది దూడతోలు చెమ్మగిల్లి వదులవుతుంది. కొడితే తడి దుప్పటిని బండకేసి కొట్టినట్టు చప్పుడు. అందుకే లూషస్ టోలివర్ మిగతావాళ్ళకన్నా గంట ముందే యూనియన్ హాలు మెట్లెక్కి, చిన్న డ్రమ్మును ఒళ్ళో పెట్టుకుని, అంచు చుట్టూ ఉన్న మరలు బిగిస్తూ కూర్చున్నాడు. పక్కపక్క మరలు కాదు, ఎదురెదురువి. ఒక మరను అరచుట్టు తిప్పడం, దాని దగ్గర చూపుడువేలితో తట్టడం, తల వంచి వినడం, మళ్ళీ ఎదుటి మర. కిటికీ అవతల, కొండ దిగువ వీధుల్లో, పాత ఇళ్ళు కూల్చేస్తున్నారు. ఇనప గుండు గోడకు తగిలిన ప్రతిసారీ డ్రమ్ము అడుగున ఉన్న తీగలు వాటంతటవే జివ్వుమంటున్నాయి.

పియానో వాయించే ఆర్డెల్ ప్రైస్ టోపీలోంచి నీళ్ళు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. వచ్చి పియానో దగ్గరికి పోకుండా లూషస్ ఎదురుగా నిలబడ్డాడు.

"ఇంత పెందలాడే వచ్చావేం?" అన్నాడు లూషస్ తలెత్తకుండానే.

"నీతో విడిగా ఓ మాట చెప్పాలి, కెప్టెన్. హోజియా సంగతి."

లూషస్ ఒక మర తిప్పాడు. తట్టాడు. విన్నాడు.

"ఏమైంది హోజియాకి?"

"నీకు తెలీకనా? నిన్న పిక్నిక్‌లో మూడో పాట సగానికొచ్చేసరికి నువ్వొక దారి, అతని బేస్ ఒక దారి. మధ్యలో నేనెక్కడ అడుగెయ్యాలి చెప్పు? చర్చిలో డీకన్ అతను, మంచివాడు, మా అందరికన్నా పెద్దవాడు. కాదన్లేదు. కానీ నీ తాళం మీద నిలబట్టం లేదు, కెప్టెన్. క్లెమ్ అదే అంటున్నాడు, శాక్సఫోన్ వాళ్ళిద్దరూ అదే అంటున్నారు. నీ మొహం చూసి ఎవరూ నోరు విప్పట్లేదు."

"మీరందరూ కలిసి మాట్లాడుకున్నారన్నమాట."

"మాట్లాడుకోవా మరి? గురువారం న్యూయార్కు నుంచి మనుషులొస్తున్నారు. ఇది డాన్సు కాదు, తాగి ఎగిరేసి పొద్దున్నకి మర్చిపోవడానికి. రికార్డు. ఒకసారి గీత పడిందంటే మనం చచ్చాక కూడా అది అట్లాగే ఉంటుంది."

లూషస్ డ్రమ్మును స్టాండు మీద బిగించాడు. ఏడాది దాటింది, బహుశా రెండేళ్ళు కావస్తోంది, పాట మధ్యలో ఎవరో తన చొక్కా చెయ్యి పట్టుకుని ముందుకు గుంజుతున్నట్టు అతనికీ అనిపిస్తూనే ఉంది. ఆ గుంజేది హోజియా బేసే. పెద్దతనం వచ్చాక మనిషికి తొందరెక్కువవుతుంది కాబోలు అనుకుని ఊరుకుంటూ వచ్చాడు. ఈ పేటలో లూషస్ టోలివర్ కొట్టే దెబ్బను చూసి గడియారాలు దిద్దుకోవచ్చని జనం అనేవాళ్ళు. అలాంటి మనిషి వెనక ముప్పై ఏళ్ళు నిలబడ్డ హోజియా బ్రాటన్‌కి ఇప్పుడు చెవి పోయిందంటే, చెప్పాల్సింది తనే.

కాసేపటికి ఒక్కొక్కరే వచ్చారు. అందరికన్నా ఆఖరున హోజియా. మైనపుగుడ్డలో చుట్టిన, మనిషంత ఎత్తున్న తీగల వాయిద్యం, తన పెద్ద బేసును భుజానికెత్తుకుని, మూడంతస్తుల మెట్లూ ఎక్కి, గుమ్మంలో ఆగి ఊపిరి తీసుకున్నాడు.

"ఆ శవాన్ని ఎక్కడికి మోసుకెళ్తున్నావ్, డీకన్?" అన్నాడు ట్రంపెట్ వాయించే క్లెమ్.

"నీ ట్రంపెట్ విని పోయినవాడే. పూడ్చడానికి చోటు చూస్తున్నా."

అందరూ నవ్వారు. ఆర్డెల్ నవ్వలేదు. హోజియా కుడిచేతి రెండు వేళ్ళకూ పట్టీలు చుట్టి ఉండటం లూషస్ చూశాడు కానీ అడగలేదు. పాట మొదలుపెట్టారు. లూషస్ ఈసారి పనిగట్టుకుని విన్నాడు. మొదటి చరణం బాగానే నడిచింది. రెండో చరణం మధ్యలో ఆ గుంజుడు వచ్చింది. లూషస్ తన దెబ్బను తాను గట్టిగా పట్టుకున్నాడు. బేస్ మళ్ళీ గుంజింది. లూషస్ కళ్ళు తిప్పి చూస్తే హోజియా మెడనరాలు ఉబ్బి ఉన్నాయి. పెదాలు బిగించి, తీగ తెగుతుందేమో అన్నంత బలంగా లాగుతున్నాడు. ఆర్డెల్ పియానో మీంచి లూషస్ వంక చూశాడు, వింటున్నావా అన్నట్టు.

మంగళవారం మధ్యాహ్నం వైలీ అవెన్యూలో చేపలు వేయించే కొట్టుకు హోజియాను తీసుకెళ్ళాడు లూషస్. ఇద్దరికీ చెరో పళ్ళెం వచ్చింది. వేయించిన చేప, పుల్లటి క్యాబేజీ, మొక్కజొన్న రొట్టె. హోజియా కళ్ళు మూసుకుని చేసుకునే ప్రార్థన అయ్యేదాకా లూషస్ ఆగాడు. తర్వాత అతను రెండు ముద్దలు తినేదాకా ఆగాడు. ఇంకా ఆగితే ఇక చెప్పలేననిపించి చెప్పేశాడు.

"గురువారానికి వేరే కుర్రాణ్ణి పెడుతున్నా, హోజియా. గురువారానికే కాదు."

హోజియా ఫోర్కు కింద పెట్టాడు. కాగితం తీసుకుని పట్టీలు లేని వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. బొటనవేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు, తర్వాత ఎడమచెయ్యి.

"వాళ్ళు అనమంటే అంటున్నావా, నువ్వే అంటున్నావా?"

"నేనే అంటున్నా."

"ఏమనిపించింది నీకు? చెప్పు. నీ నోటినుంచి వినాలి."

"మన ఇద్దరికీ పొత్తు కుదరట్లేదు. నువ్వు తొందరపడుతున్నావ్. నన్ను వదిలేసి నీ దారిన నువ్వు పోతున్నావ్."

హోజియా అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. కోపంగా కాదు. చీకటి గదిలో వస్తువు ఎక్కడ పెట్టామో వెతుక్కునే మనిషి చూసినట్టు. ఏదో చెప్పబోయి మానేసి, కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"నీ కాలెట్లా ఉంది?"

"నా కాలు బానే ఉంది. మాట మార్చకు."

"మార్చట్లేదు," అని హోజియా టోపీ పెట్టుకున్నాడు. "ఆ చేప తినెయ్. పారెయ్యకు."

లూషస్ తన పళ్ళెం వంక చూస్తూ కూర్చున్నాడు. కొట్టువాడు వచ్చి, డీకన్‌గారికి చేప నచ్చలేదా అని అడిగాడు. లూషస్ బిల్లు ఇమ్మన్నాడు.

కొత్త బేసు మనిషి పేరు రేమండ్ సైక్స్. కొరియా యుద్ధం నుంచి తిరిగివచ్చి మూడేళ్ళయింది. సంగీత కళాశాలలో చదువుకున్నాడు. ఇస్త్రీ చొక్కా, సన్నటి టై. బుధవారం పొద్దున హాలుకొచ్చి అందరికీ పేరుపేరునా నమస్కారం చెప్పి, లూషస్ ముందు మాత్రం ఇంకాస్త వంగాడు.

"మీ డ్రమ్ములకి డాన్సు చేస్తూనే మా నాన్న మా అమ్మను పెళ్ళికి ఒప్పించాడు, సర్."

"ఆ తప్పు నామీద వెయ్యకు," అన్నాడు లూషస్. అందరూ తేలిగ్గా నవ్వారు. వారం రోజుల్లో ఆ హాల్లో అంత తేలిక నవ్వు అదే.

పాట ఎత్తుకున్నారు. కుర్రాడి చేతిలో బేస్ గుండ్రంగా, శుభ్రంగా పలికింది. మొదటి చరణం అయ్యేసరికి ఆర్డెల్ భుజాలు దిగాయి. క్లెమ్ కాలు ఊపుతూ ట్రంపెట్ అందుకున్నాడు. లూషస్‌కి ఎన్నాళ్ళకో చొక్కా చెయ్యి ఎవరూ గుంజడం లేదు. హాయిగా ఉంది. రోడ్డు దిగువకు సైకిలు వదిలేసినట్టు పాట తనంతట తనే పోతోంది.

రెండో చరణం వచ్చింది. మూడోది వచ్చింది. క్లెమ్ తన వంతులో ఒక పొడుగాటి స్వరం పట్టుకుని, అది చివరిదాకా పట్టలేక మధ్యలో ఊపిరి తీసుకున్నాడు. ఎప్పుడూ అలా తీసుకోడు. శాక్సఫోన్ వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాట ఎక్కడా తెగలేదు, ఎవరూ దారి తప్పలేదు. తడిబట్టలు ఆరేసిన తాడులా మధ్యలో కిందికి జారుతూ, జారుతూ, నాలుగో చరణానికి దాదాపు నేలను ముట్టింది. డాన్సు పాట కాస్తా శవయాత్ర నడక అయింది. ఆర్డెల్ చేతులు పియానో మీంచి తీసేశాడు. ఒక్కొక్క వాయిద్యమే ఆగింది.

రేమండ్ బేసు మెడ పట్టుకుని అందరి మొహాల వంకా చూశాడు.

"నేను మీతోనే ఉన్నాను, టోలివర్‌గారూ," అన్నాడు, తప్పు పట్టకముందే చెప్పుకోవాలన్నట్టు. "మాకు చెప్పింది అదే, డ్రమ్మరు కాలును వదలొద్దని. మీ కాలు ఎక్కడ పడితే అక్కడే వేశాను. ఒక్క దెబ్బ కూడా వదల్లేదు, సర్."

ఆర్డెల్ పియానో మీటల వంక చూస్తున్నాడు. క్లెమ్ ట్రంపెట్ తిరగేసి అందులోని తడి విదిలిస్తున్నాడు. లూషస్ తన కుడికాలి వంక చూశాడు. నల్లబూటు పెడలు మీదే ఉంది. దాన్ని నొక్కాడు. పెద్ద డ్రమ్ము ధమ్మంది. మళ్ళీ నొక్కాడు. పెడలు కదిలింది కళ్ళకు కనపడింది, దెబ్బ చెవికి వినపడింది, కానీ బూటు లోపల ఆ కాలికి ఏమీ తెలియలేదు. దూది మీద పెట్టినట్టుంది. అది అలా ఉండబట్టి ఎన్నాళ్ళయిందో అతను గుర్తు తెచ్చుకోబోయాడు. గుర్తు రాలేదు.

"ఇంకోసారి చూద్దామా, కెప్టెన్?" అన్నాడు ఆర్డెల్ మెల్లగా.

"వద్దు." లూషస్ కర్రలు రెండూ డ్రమ్ము మీద పక్కపక్కన పెట్టాడు. "నువ్వు బాగా వాయించావ్, రేమండ్. నీ తప్పేం లేదు. రేపు పొద్దున్న పదింటికి అందరూ ఇక్కడే."

ఇంట్లో మోజెల్ కిటికీ దగ్గర కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో పెళ్ళిగౌను అంచు కుడుతోంది. లూషస్ వంటింటి కుర్చీలో కూర్చుని బూటూ మేజోడూ విప్పాడు. పాదం పైకెత్తి చూసుకున్నాడు. మడమ పక్కన, ఎప్పుడు తగిలిందో, పావలా అంత కాలిన మచ్చ ఉంది. దాని మీద గోరుతో నొక్కాడు.

"అది హీటరుకి కాలింది. మార్చిలో," అంది మోజెల్ మిషను ఆపకుండా. "వాసన వస్తే నేనొచ్చి లాగాను. నువ్వు పేపరు చదువుకుంటున్నావ్."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పాను. షుగరుంది, డాక్టరు దగ్గరికి పద అన్నాను. పోయిన శనివారం ఒక్క చెప్పే వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చావ్. అప్పుడూ చెప్పాను. నువ్వు వినేది డ్రమ్ములొక్కటే కదా."

లూషస్ గోడ గడియారం వంక చూస్తూ దాని చప్పుడుకు సరిగ్గా పాదంతో నేల మీద వేయడం మొదలుపెట్టాడు. తర్వాత కళ్ళు మూసుకుని, లోపల పాట పాడుకుంటూ వేశాడు. మోజెల్ మిషను ఆపింది. గదిలో గడియారం, పాదం, ఆ రెండే. పాదం మెల్లమెల్లగా గడియారం కన్నా వెనకబడుతోంది. కొంచెంసేపటికి లూషస్ కళ్ళు తెరిచి ఆమె వంక చూశాడు. ఆమె దారం కొస పళ్ళతో తెంపి, లేచివచ్చి, అతని మేజోడు తీసి పాదానికి తొడిగింది.

"హోజియా ఇంటికి వెళ్తున్నా," అన్నాడు.

"వెళ్ళు. రెండు చెప్పులూ వేసుకుని వెళ్ళు."

హోజియా ఇల్లు కొండ పైవరసలో ఉంది. వీధి అక్కడిదాకా పోలేక మెట్లయిపోతుంది. నూటపది మెట్లు. లూషస్ చేత్తో కమ్మీ పట్టుకుని, ప్రతి మెట్టు దగ్గరా కళ్ళతో చూసుకుని పాదం వేశాడు. పైనుంచి చూస్తే దిగువ పేటలో సగం లేదు. చర్చి ఒక్కటే మిగిలి, చుట్టూ ఇటుకల గుట్టలు. ఎక్కడెక్కడ వాయించామో ఆ చోట్లు వెతకబోయి మానేశాడు.

హోజియా వసారాలో కూర్చుని కుడిచెయ్యి ఉప్పునీళ్ళ గిన్నెలో ముంచుకుని ఉన్నాడు. అతని భార్య కోరా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఈ ఇంట్లో నీకు ఎప్పుడూ ఓ కుర్చీ ఉండేది, బ్రదర్ టోలివర్. ఇవాళ మెట్టు మీద కూర్చో."

"అలాగే, సిస్టర్ కోరా."

లూషస్ మెట్టు మీద కూర్చున్నాడు. కోరా లోపలికి వెళ్ళింది కానీ తలుపు మూయలేదు. హోజియా గిన్నెలోంచి చెయ్యి తీశాడు. పట్టీలు లేవు. రెండు వేళ్ళ కొసలూ పచ్చిగా ఉన్నాయి. నలభై ఏళ్ళు బేసు వాయించిన మనిషి వేళ్ళు కొమ్ములా గట్టిపడి ఉండాలి. అలాంటి వేళ్ళకు పుండ్లు పడ్డాయంటే తీగను ఎంత బలంగా లాగి ఉండాలో లూషస్‌కి తెలుసు.

"ఎప్పణ్ణుంచి?" అన్నాడు.

హోజియా అర్థం కానట్టు నటించలేదు.

"పోయిన చలికాలం కాదు, దాని ముందుది. మొదట నెమ్మది పాటల్లోనే. నువ్వు జారడం, నేను కాస్త ముందుకు లాగడం, నువ్వు మళ్ళీ దారికి రావడం. అలసిపోయాడేమోలే అనుకున్నా. తర్వాత అన్నిట్లోనూ."

"రెండేళ్ళు మోశావన్నమాట."

"మొయ్యకేం చెయ్యను? వదిలేస్తే ఇవాళ ఆ కుర్రాడి చేతిలో అయినట్టే అయ్యేది."

"పొద్దున్నేగా జరిగింది. నీకప్పుడే ఎవరు చెప్పారు?"

"క్లెమ్ వచ్చి వెళ్ళాడు. ఏడ్చాడు వెధవ. నవ్వించేవాడు ఏడిస్తే చూడలేం."

"నాతో ఎందుకు చెప్పలేదు, హోజియా? నిన్న చేపల కొట్లో చెప్పుండొచ్చు. నిన్ను నేను పో అంటుంటే, నా కాలు సంగతి అడిగి ఊరుకున్నావ్."

"అడిగితే బానే ఉందన్నావ్." హోజియా గొంతు మొదటిసారి పైకి లేచింది. "నీతో చెప్పాలా? ఏమని? లూషస్ టోలివర్, నీ లయ పోయిందని? ఆ మాట అన్నాక నీ దగ్గర ఇంకేం మిగుల్తుంది? నేను చర్చిలో నిలబడి జనానికి నిజం చెప్పమని చెప్తా. ఇంటికొచ్చి చేతులకి పట్టీలు కట్టుకుంటా. నీమీద ప్రేమ ఒక్కటే అనుకోకు. భయం కూడా. నువ్వు ఆగితే మేమందరం ఆగుతాం కదా. అది తప్పే. నా తప్పు నాకుంది."

లోపల కోరా గిన్నె కడుగుతున్న చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

"రేపు రా," అన్నాడు లూషస్. "నీ చోటు నీదే. అందరి ముందూ చెప్తాను."

"రాను."

"హోజియా..."

"నీమీద కోపంతో కాదు. నిన్న ఇంటికొచ్చి, బేసు మూలన పెట్టి, పట్టపగలే పడుకున్నా. కోరా లేపేదాకా లేవలేదు. రెండేళ్ళలో అంత నిద్ర ఎరగను. నువ్వు నన్ను పొమ్మన్నది తప్పుగా పొమ్మన్నావ్, చేసింది మాత్రం మేలే అయింది. ఇంక ఇద్దరి బరువు నేను మొయ్యలేను. ఒళ్ళు లేదు."

లూషస్ తల వంచుకుని విన్నాడు. క్షమించమని అడగడానికి వచ్చాడు. క్షమాపణ దొరికింది. దాంతోపాటు మనిషి దొరకలేదు.

"నేను వాయించకపోతే వస్తావా?" అన్నాడు చివరికి.

హోజియా గిన్నెలోకి చెయ్యి ముంచబోయి ఆగాడు.

"ఆ సీట్లో ఎవరు కూర్చుంటారు?"

"నువ్వు చెప్పు."

"గెయిన్స్ వాళ్ళమ్మాయి. లెనోరా. బళ్ళో పిల్లలకి డ్రమ్ములు నేర్పుతుంది. ఎనిమిదేళ్ళ కింద నీ దగ్గరికి వచ్చి వాయించింది, గుర్తుందా? నువ్వు ఆ రోజు వినలేదు. నేను విన్నా." హోజియా కొండ దిగువకు చూస్తూ అన్నాడు, "వాయించడం మానేసేలోగా ఒక్కసారి, ఒక్క పాట, డ్రమ్ము మీద ఆనుకుని వాయించాలనుంది, లూషస్. మోస్తూ కాదు. ఆనుకుని."

బడి వెనక మైదానంలో పదిహేనుమంది పిల్లలు మెడలో డ్రమ్ములు వేలాడదీసుకుని వరసలో నిలబడి ఉన్నారు. లెనోరా గెయిన్స్ వాళ్ళ ముందు అటూ ఇటూ నడుస్తూ, కర్రతో తన కళ్ళద్దాల పెట్టె మీద కొడుతూ లెక్క చెబుతోంది. లూషస్‌ను చూసి పిల్లల్ని నీళ్ళు తాగి రమ్మంది.

"చెప్పండి, టోలివర్‌గారూ."

లూషస్ టోపీ తీశాడు. దారంతా కూడబలుక్కుంటూ వచ్చిన మాటలు ఆమె ఎదుట పనికొచ్చేలా అనిపించలేదు.

"రేపు పొద్దున రికార్డింగు ఉంది. మీరు వచ్చి డ్రమ్ములు వాయించాలి, మిస్ గెయిన్స్."

ఆమె నవ్వింది. అందులో సరదా లేదు.

"ఆడపిల్ల డ్రమ్ముల ముందు కూర్చుంటే జనం చెవులతో వినరు, కళ్ళతో వింటారు అన్నారు ఆ రోజు. నాకు అక్షరం అక్షరం గుర్తే. ఆ రోజు మీరు నా చేతులు చూడలేదు, గౌను చూశారు. ఇప్పుడేమైంది? దేవుడు కళ్ళు తెరిపించాడా?"

"కళ్ళు కాదు. కాలు." లూషస్ పాదం వంక చూపించాడు. "ఇది పోయింది. అది పోతే తప్ప మీ దగ్గరికి రాలేదు. అందుకు సిగ్గుపడుతున్నా. అయినా అడుగుతున్నా."

ఆమె మొహం మారింది. కర్ర కొసతో గడ్డిని పొడుస్తూ ఆలోచించింది.

"తెర వెనక కూర్చోబెట్టి వాయించమంటారా? పేరు మీదీ, దెబ్బ నాదీనా?"

"పేరు మీదే. అట్ట మీద వేయిస్తా. వాళ్ళు వెయ్యం అంటే రికార్డే వద్దంటా."

"రేపు నాకు బడి ఉంది."

"సెలవు..."

"మా పెద్దమ్మ పోయిందని చెప్తాలెండి. ఆవిడ ఇప్పటికి మూడుసార్లు పోయింది. హెడ్మాస్టరు ఇంకా సంతాపం చెబుతూనే ఉన్నాడు." పిల్లలు తిరిగివస్తున్నారు. ఆమె వాళ్ళ వైపు తిరుగుతూ ఆగింది. "ఆ పెద్ద బేసు వాయించే డీకన్‌గారు ఉంటారా? ఆ రోజు బయటిదాకా వచ్చి నాతో, ఆపకమ్మా అన్నది ఆయనొక్కరే."

"వస్తానన్నాడు. మీరు వస్తే," అన్నాడు లూషస్.

గురువారం ఎండ కాసింది. న్యూయార్కు మనుషులు ఇద్దరు హాల్లో మైకులు నిలబెట్టి, గోడలకు దుప్పట్లు కట్టారు. డ్రమ్ములు ఎండకు బిగిసి, తడితే ఖంగుమంటున్నాయి. లూషస్ వాటిని తనే అమర్చాడు. సీటు ఎత్తు తగ్గించాడు. పెడలును లెనోరా కాలి పొడుగుకు సరిపోయేలా దగ్గరికి జరిపాడు. కంచుపళ్ళెం లాంటి సింబల్ తన పొడుగుచేతులకు తగ్గట్టు దూరంగా ఉండేది, దాన్ని దగ్గరికి వంచాడు. ముప్పై ఏళ్ళలో ఆ కొలతలు ఒక్కసారీ మారలేదు. అన్నీ అయ్యాక పక్కకు వచ్చి నిలబడి, అందరూ ఉన్నారా అని చూసుకున్నాడు. గోడ దగ్గర రేమండ్ కూడా ఉన్నాడు. వింటానికి రావచ్చా అని అడిగి వచ్చాడు.

"ఒక మాట చెప్పాలి," అన్నాడు లూషస్. "రెండేళ్ళుగా తప్పుతున్నది డీకన్ కాదు. నేను. నేను జారుతుంటే లాగింది ఆయన. మీరందరూ విన్నది ఆ లాగుడు. నేనూ విన్నా, నాకూ తెలీలేదు. తెలుసుకోవాల్సింది నేను. మంగళవారం ఆయన్ని పొమ్మన్నది నేను. అంతే."

ఆర్డెల్ లేచి, బేసు గుడ్డ విప్పుతున్న హోజియా దగ్గరికి వెళ్ళాడు. బేసు కింది ముల్లు జారకుండా నేల మీద వేసే చెక్కను వంగి సర్ది పెట్టాడు. హోజియా అతని వీపు మీద ఒక్కసారి తట్టాడు.

కంపెనీ మనిషి గడియారం చూసుకుంటూ వచ్చాడు. "ఇది టోలివర్ రికార్డు అని కదా మాకు చెప్పారు. టోలివర్ వాయించకపోతే ఎట్లా?"

"బృందం నాది. డ్రమ్ములు మిస్ లెనోరా గెయిన్స్. రాసుకోండి. గెయిన్స్."

అతను లెనోరా వంక చూశాడు. ఆమె అప్పటికే బూట్లు విప్పేసి, మేజోళ్ళతో పెడలు మీద పాదం ఆనించి, అది ఎంత బరువు అడుగుతుందో చూసుకుంటోంది. అతను భుజాలు ఎగరేసి రాసుకున్నాడు.

"ముందు వాయించండి. వింటాం," అన్నాడు.

లూషస్ అందరి ఎదుటా నిలబడి లెక్క చెప్పాడు. పాట ఎత్తుకున్నారు. వెంటనే అతనికి తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జేబులో పెట్టుకుని తీశాడు. వీపు వెనక కట్టుకున్నాడు. నలభై ఏళ్ళుగా సంగీతం అతనికి లోపలినుంచే తెలుసు. బయట నిలబడి వినడం కొత్త. లెనోరా గట్టిగా కొట్టడం లేదు. సింబల్ మీద కర్ర కొస తేలిగ్గా ఆడుతోంది. కాలు మాత్రం రాతిలో మేకు దిగినట్టు పడుతోంది. రెండో చరణం వచ్చింది. పాట జారలేదు. మూడోది వచ్చింది.

అప్పుడు హోజియాను చూశాడు. హోజియా కళ్ళు మూసుకున్నాడు. మెడనరాలు ఉబ్బి లేవు. భుజం దించి, చెంప బేసు మెడకు ఆనించి, తీగల్ని లాగడం మానేసి వాటితో మాట్లాడుతున్నాడు. ఒక చోట కావాలనే ఆలస్యంగా వచ్చి, డ్రమ్ము తనకోసం ఆగుతుందని తెలిసిన మనిషి ధీమాతో వచ్చి, ఒక చిన్న పలుకు పలికాడు. లెనోరా నవ్వింది. ఇలాంటి వాయింపు ఈ మనిషి దగ్గర ఇంకా ఉందని లూషస్‌కి తెలియదు. రెండేళ్ళుగా తన బరువు కింద అది నలిగిపోయి ఉంది. తనకు కలిగింది సంతోషమో, ఇంకేమిటో తేల్చుకునే ఓపిక అతనికి లేదు. వింటూ నిలబడ్డాడు.

పాట ముగిసింది. సింబల్ మోత పూర్తిగా అణిగేదాకా ఎవరూ కదలలేదు.

"బాగుంది," అన్నాడు కంపెనీ మనిషి. "చాలా బాగుంది. ఇంకొకటి తీసుకుందామా? పెద్దాయనకి అలసటైతే కాసేపు ఆగుదాం."

అందరూ హోజియా వంక చూశారు. హోజియా కళ్ళు తెరిచి, పచ్చిగా ఉన్న వేళ్ళ కొసలు చూసుకుని, ఎవరినో వెతుకుతున్నట్టు చూసి లూషస్ దగ్గర ఆగాడు.

"నాకు అలుపు రాలేదు," అన్నాడు ఆశ్చర్యంగా.

ట్రంపెట్ పెదాలకెత్తాడు క్లెమ్. పియానో మీద వేళ్ళు సర్దుకున్నాడు ఆర్డెల్. లెక్క చెప్పడానికి లూషస్ చెయ్యి అలవాటుగా గాల్లోకి లేచింది. లేచిన చేతిని అతను అక్కడే ఒక్క క్షణం ఉంచి, దించాడు.

"మీరే ఎత్తుకోండి, మిస్ గెయిన్స్," అన్నాడు.

గోడ దగ్గర రేమండ్ లేచి కుర్చీ ఇచ్చాడు. లూషస్ కూర్చుని కుడికాలు ముందుకు చాపుకున్నాడు. లెనోరా కర్రలు రెండూ ఒకదానికొకటి నాలుగుసార్లు తాకించింది. లూషస్ తన లోపల పాడుకుంటున్న దానికన్నా ఆ లెక్క కాస్త వేగంగా ఉంది. సరిగ్గా ఉంది.